తుపానుకు లేచే ఊరు... కరెంటుకు లేవదేం?

తెల్లవారుజామున మూడు గంటల వేళ. అడవులదీవి దాటి నిజాంపట్నం వైపు, సముద్రం వైపు నడుస్తుంటే దారికి అటూ ఇటూ చెరువులే. చీకట్లో నీళ్లు కనిపించవు కానీ చప్పుడు వినిపిస్తుంది. ఏరియేటర్ల రెక్కలు నీటిని కొడుతున్న చప్పుడు. చెరువుల మధ్య బతికేవాళ్లకు అది జోలపాట లాంటిది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ కాపలా మనిషి గుడిసెలో హాయిగా నిద్రపోతాడు. అది ఆగిందో... ఉలిక్కిపడి లేస్తాడు.

లేవక తప్పదు మరి. పగలంతా చెరువులోని నాచు ఎండను వాడుకుని నీటిలోకి ప్రాణవాయువును వదులుతుంది. పొద్దుగుంకితే ఆ పని ఆగిపోతుంది. అప్పటినుంచి నాచూ, రొయ్యా, అడుగున పేరుకున్న మేతా పెంటా అన్నీ కలిసి ఉన్న ప్రాణవాయువునే పంచుకుంటాయి. తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది. సరిగ్గా ఆ సమయంలో ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. మూడు నెలల కష్టం, అప్పు తెచ్చి పోసిన మేత అన్నీ గంటల్లో గట్టు మీద కుప్పగా మారిపోతాయి. అందుకే చప్పుడు ఆగగానే కాపలా మనిషి చెప్పులు వెతుక్కోడు. టార్చిలైటు నోట కరుచుకుని, తడి గట్టు మీద వట్టి కాళ్లతో పరుగెడతాడు. స్టార్టర్ డబ్బా తెరుస్తాడు. ఫీజు పోయిందా, తీగ ఊడిందా, మోటారులోకి నీళ్లు దిగాయా... చేత్తోనే తడిమి చూస్తాడు. ఒక్కోసారి మోకాటి లోతు నీటిలోకి దిగి ఏరియేటర్ దగ్గరికే వెళతాడు.

అది ప్రమాదమని అతనికి తెలియదా? భేషుగ్గా తెలుసు. తడి చేత్తో కరెంటు ముట్టుకోకూడదని చంటిపిల్లాడికీ తెలుసు. చెరువుల ప్రాంతంలో షాకు కొట్టి పోయినవాళ్ల కథలు ప్రతి ఊళ్లో ఒకటో రెండో ఉంటాయి.

విచిత్రం ఏమిటంటే, ఇదే మనిషి తుపాను హెచ్చరిక వస్తే మరోలా ఉంటాడు. మబ్బు పట్టకముందే పడవ ఒడ్డుకు లాగుతాడు. పెళ్లాం పిల్లల్ని రేపల్లెలోనో తెనాలిలోనో బంధువుల ఇంటికి పంపిస్తాడు. ఆధార్ కార్డూ, పాసు పుస్తకాలూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకుంటాడు. అధికారులు వచ్చి షెల్టర్‌కు పదమంటే గొణుక్కుంటూనైనా కదులుతాడు. ఒక ప్రమాదం సంగతి కాళ్లలోకి దిగింది. రెండోది తలలోనే ఆగిపోయింది. మనిషి ఒకడే, ఊరూ ఒకటే. మరి ఎందుకిలా?

ఆ శనివారం రాత్రి

జవాబు కోసం 1977 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ ఏడాది నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన అని తెలుగువాళ్లంతా గుర్తుపెట్టుకున్న రోజు. కృష్ణా, గుంటూరు జిల్లాల తీరం మీద సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పోయిన ప్రాణాలు పదివేలు. అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. పశువులకైతే లెక్కే లేదు. శవాలు చెట్ల కొమ్మలకు వేలాడిన దృశ్యాలు చూసినవాళ్లు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ మధ్యలోనే ఆగిపోతారు.

అంతటి ఘోరం ఎవరికీ చెప్పకుండా వచ్చిందా అంటే... లేదు. తుపాను వస్తోందని వాతావరణ శాఖ చెప్పింది. ఆకాశవాణి చెప్పింది. కానీ రేడియో ఎన్ని ఇళ్లలో ఉంది? ఉన్నా అది చెప్పిన మాటకు అర్థం ఏమిటి? 'పెనుగాలులు వీస్తాయి, భారీ వర్షాలు కురుస్తాయి' అంటే తీరం మనిషి భయపడడు. గాలివానలు అతనికి కొత్తవా? ఇంటి కప్పు మీద రెండు బరువులు వేసి, తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చుంటాడు. గాలికి అదే సరైన పని. సముద్రమే లేచి వచ్చినప్పుడు మాత్రం ఆ ఇల్లే సమాధి అవుతుంది. ఉప్పెన అనే మాట పెద్దవాళ్ల నోట విన్నదే. 1864 నవంబరులో బందరును ఉప్పెన ముంచినప్పుడు ముప్పై వేల మంది పోయారని చరిత్ర పుస్తకాల్లో ఉంది. కానీ నూట పదమూడేళ్ల నాటి సంగతి ఎవరి కాళ్లను కదిలిస్తుంది?

ఒకవేళ కదలాలనుకున్నా ఎక్కడికి పోవాలి? బల్లపరుపు నేల. మేడలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రోడ్లు బురద. పొలంలో కోతకొచ్చిన వరి. గొడ్లు కొట్టంలో. వెళ్లమని చెప్పడం తేలికే. ఎక్కడికో చెప్పేవాళ్లే లేరు.

కుడివైపు, ఎడమవైపు

ఇక్కడ ఓ చిన్న సంగతి చెప్పుకోవాలి. తీరంలో పుట్టిపెరిగినవాళ్లు కూడా చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. పత్రికల్లో 'నిజాంపట్నం హార్బరులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు' అని చదువుతుంటాం కదా. నంబరు పెరిగేకొద్దీ తుపాను బలం పెరిగిందని అనుకుంటాం. సగమే నిజం. ఒకటి, రెండు నంబర్లు దూరంగా ఎక్కడో వాయుగుండమో తుపానో ఉందని చెప్పేవి. మూడు, నాలుగు స్థానికంగా జాగ్రత్త అని. అయిదు, ఆరు, ఏడు ప్రమాదానివి. ఎనిమిది, తొమ్మిది, పది తీవ్ర ప్రమాదానివి. పదకొండు ఎగిరిందంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. అసలు కిటుకు ఎనిమిది, తొమ్మిది, పదిలో ఉంది. ఈ మూడింట్లోనూ తుపాను తీవ్రమైనదే. తేడా దారిలో. తుపాను రేవును తన ఎడమ పక్కన ఉంచుకుని పోతుందంటే ఎనిమిది. కుడి పక్కన ఉంచుకుని పోతుందంటే తొమ్మిది. రేవు మీదుగానో దాని దగ్గరగానో తీరం దాటుతుందంటే పది.

కుడీ ఎడమా తేడాకు ఇంత విలువ ఎందుకంటే... మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. బంగాళాఖాతం నుంచి మన తీరం వైపు వచ్చే తుపానుకు కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. నీటిని తోసుకుంటూ తెస్తుంది. ఎడమవైపున నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. అందుకే ఎడమన ఉన్న ఊళ్లో ఇళ్ల కప్పులు ఎగిరిపోవచ్చు గానీ, సముద్రం ఊరి మీదికి రావడం తక్కువ. 1977 తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. దానికి కుడిచేతి వైపున ఏమున్నాయో మ్యాపు తీసి చూడండి. బాపట్ల, నిజాంపట్నం, కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమ. పైగా చీరాలకూ కృష్ణ ముఖద్వారానికీ మధ్య తీరం కొడవలిలా లోపలికి వంగి ఉంటుంది. సముద్రం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి పక్కకు పోవడానికి చోటు లేదు. పైకి లేవడమే.

తుపాను దాటింది చీరాల దగ్గర, ప్రాణాలు పోయింది దివిలో. 'తుపాను ఎక్కడ దాటుతుంది' అని మాత్రమే అడిగేవాళ్లకు ఈ లెక్క అందదు. 'మనం దానికి ఏ పక్కన ఉన్నాం' అని కూడా అడగాలి. ఈ ప్రశ్న బడిలో భూగోళం మాస్టారు తీరప్రాంత పిల్లలందరికీ నేర్పదగ్గది.

పదమూడేళ్లలో ఏం మారింది?

1990 మే 9న దాదాపు అంతటి తుపానే వచ్చింది. ఈసారి కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. చనిపోయినవారు 967 మంది. అది చిన్న సంఖ్య అనడానికి నోరు రాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యి లోపెక్కడ! ఆ తొమ్మిది వేల మందిని ఏ దేవుడు కాపాడాడు?

ఉపగ్రహం అంటారు చాలామంది. నిజమే, మధ్యలో ఇన్సాట్ వచ్చింది. ఉపగ్రహం ద్వారా నేరుగా తీరంలోని కార్యాలయాలకు హెచ్చరిక వినిపించే యంత్రాలు పెట్టారు. తుపానులను పసిగట్టే రాడార్లు వచ్చాయి. కానీ తుపాను బొమ్మ ఎంత బాగా కనిపించినా గుడిసెలో ఉన్న ముసలమ్మ లేచి నడవకపోతే ప్రయోజనం ఏముంది? అసలు మార్పు నేల మీద జరిగింది. 1977 తర్వాత తీరం వెంట స్తంభాల మీద లేపి కట్టిన తుపాను షెల్టర్లు వచ్చాయి. కింద ఖాళీ, నీరు వస్తే అటునుంచి ఇటు పోవడానికి. పైన జనం. మామూలు రోజుల్లో అదే బడి, అదే పెళ్లిళ్లకు హాలు. రోజూ వాడే కట్టడం కాబట్టి దాని దారి చీకట్లోనూ తెలుస్తుంది. రెండోది, చెప్పే మనిషి మారాడు. రేడియోలో ఎవరో చెప్పడం కాదు. టముకు వేసేవాడూ, కరణం బదులు వచ్చిన గ్రామాధికారీ, పోలీసులూ గడప దగ్గర నిలబడి 'లేవండి, లారీ వచ్చింది' అనడం మొదలైంది. 1990లో అలా లేపి తరలించినవాళ్లు లక్షన్నరకు పైమాటే. మూడోది... ఎవరూ రాయని కారణం. 1977ని చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. 'రానివ్వండి చూద్దాం' అన్న కుర్రాడి చెవి మెలిపెట్టడానికి ప్రతి ఇంట్లో ఒక నాయనమ్మ ఉంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1970లో భోలా తుపాను ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో కనీసం మూడు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత అక్కడ రెడ్‌క్రాస్‌తో కలిసి ఊరూరా వలంటీర్లను తయారుచేశారు. జెండాలు ఎగరేయడం, మైకు పట్టుకుని సైకిలు మీద తిరగడం వాళ్ల పని. అయినా 1991లో లక్షా ముప్పై ఎనిమిది వేల మంది పోయారు. వెళ్లడానికి చోటు చాలలేదు. గొడ్లను వదిలి రాలేకపోయారు. పరాయి మగవాళ్ల మధ్య ఉండలేక ఆడవాళ్లు ఇళ్లలోనే ఆగిపోయారు. ఆ పాఠంతో షెల్టర్లు పెంచారు, పశువులకు ఎత్తయిన మట్టిదిబ్బలు పోశారు. 2007లో సిద్ర్ తుపాను వచ్చినప్పుడు మృతులు మూడున్నర వేలలోపే. అక్కడి అనుభవం చెప్పేదీ ఇదే. జనానికి బుద్ధి లేక కాదు, గొడ్డుకు చోటు లేక కదల్లేదు.

మన దగ్గరా అంతే. షెల్టర్‌కు రానన్న మనిషిని అడగండి. 'గేదె ఈనేలా ఉందండీ' అంటాడు. 'ఇంటికి తాళం సరిగా లేదు' అంటాడు. ఆడవాళ్లయితే మరుగుదొడ్డి సంగతి నోటితో చెప్పరు, మౌనంగా ఊరుకుంటారు. ఇవన్నీ మూర్ఖత్వాలు కావు, లెక్కలు. మాట వినడానికి అయ్యే ఖర్చు తగ్గిస్తే జనం వింటారు. తుపాను విషయంలో మనం నలభై అయిదేళ్లుగా చేస్తున్నది అదే. 2011 నుంచి ప్రపంచబ్యాంకు సాయంతో మన రాష్ట్రంలోనూ ఒడిశాలోనూ కొత్త షెల్టర్లు కట్టారు, వాటికి వెళ్లే రోడ్లూ వంతెనలూ వేశారు. షెల్టరు ఉండి రోడ్డు లేకపోతే అది లేనట్టేనని అర్థం కావడానికి కూడా మనకు కొన్ని తుపానులు పట్టాయి.

ఎప్పుడూ నెగ్గామనీ కాదు. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను చిన్నది, గబగబా బలపడింది. వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో సముద్రంలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో. ఒడ్డున ఉన్నవాడికి షెల్టరు ఉంది. నడిసంద్రంలో ఉన్నవాడికి మాట చేరేదెలా? ఆ ప్రశ్న అప్పుడు మిగిలిపోయింది. తర్వాతి కాలంలో వేట నిషేధ హెచ్చరికలు ముందుగా ఇవ్వడం, పడవల్ని వెనక్కి పిలవడం కట్టుదిట్టమయ్యాయి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు వంద కిలోమీటర్ల గాలులు. కోతకొచ్చిన వరి నేలకు ఒరిగింది, కుప్పలు తడిసి మొలకెత్తాయి. రైతు నష్టం మామూలుది కాదు. కానీ జనం ముందే లేచి వెళ్లిపోయారు. ఈ తీరంలో శవాలు లెక్కపెట్టుకోవాల్సిన రోజు రాలేదు. పత్రికలకు అది పెద్ద వార్త కాలేదు. జరగని చావులకు శీర్షికలు ఉండవు కదా!

ఇక చెరువు సంగతి

2021 జులై నెలాఖరు. అడవులదీవికి ఎంతో దూరం లేని లంకెవానిదిబ్బ, రేపల్లె మండలం. రొయ్యల చెరువు దగ్గర షెడ్డులో నిద్రపోయిన ఆరుగురు కూలీలు తెల్లారేసరికి లేరు. ఒడిశా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. కరెంటు ప్రమాదం అన్నారు. రెండు రోజులు వార్తల్లో ఉంది. పరిహారం మాట వచ్చింది. తర్వాత?

ఒక్కరు ఇద్దరుగా పోయేవాళ్లయితే జిల్లా పేజీలో రెండు అంగుళాల వార్తతో సరి. దేశం మొత్తం మీద కరెంటు షాకుతో ఏటా పోయేవాళ్లు పదివేల మందికి పైనే ఉంటారు. అంటే ప్రతి ఏడాదీ ఓ దివిసీమ ఉప్పెన. కాకపోతే ఒక్క రాత్రిలో రాదు, ఒక్క చోట రాదు. అందుకే దానికి పేరు లేదు, స్మారక స్తూపం లేదు, చెవి మెలిపెట్టే నాయనమ్మ లేదు.

అమెరికాలో విలియం హాడన్ అని ఓ డాక్టరు ఉండేవాడు. 1960ల్లో అక్కడి రహదారి భద్రత సంస్థకు తొలి అధిపతి. ప్రమాదాన్ని తలరాతగా, అజాగ్రత్తగా చూడటం మానేద్దామన్నాడు. గాయమంటే ఏమిటి? అదుపు తప్పిన శక్తి ఒంటి మీద పడటం. అది కారు వేగం కావచ్చు, నీటి ఉరవడి కావచ్చు, కరెంటు కావచ్చు. మనిషికీ ఆ శక్తికీ మధ్య ఏదైనా అడ్డు పెట్టండి, మనిషిని మార్చడం తర్వాత చూద్దాం అన్నది ఆయన దారి. స్తంభాల మీద షెల్టరు అలాంటి అడ్డే. నీరు వస్తుంది, కానీ మనిషి దాకా రాదు.

చెరువు గట్టు మీద అలాంటి అడ్డు లేదా అంటే, ఉంది. అరచేతిలో పట్టే డబ్బా. లీకేజీ బ్రేకర్ అనండి, కరెంటు పనివాళ్లు ఈఎల్‌సీబీ అనో ఆర్‌సీసీబీ అనో పిలుస్తారు.

చాలామంది ఫీజు ఉంది కదా, అది చూసుకుంటుందిలే అనుకుంటారు. ఫీజు కాపాడేది తీగను, మనిషిని కాదు. లెక్క చూడండి. పది ఆంపియర్లు దాటితే గానీ కరగని ఫీజు ఉందనుకుందాం. మనిషి గుండె లయ తప్పడానికి అందులో నూరో వంతు చాలు. అంటే గట్టు మీద మనిషి పడిపోయినా ఫీజుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో చార్లెస్ డాల్జియెల్ అనే ప్రొఫెసరు దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. ఎంత కరెంటు పారితే మనిషి పట్టుకున్న తీగను వదల్లేడో స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల మీద కొలిచి చూశాడు. మగవాళ్లకు సగటున పదహారు మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నర. 'కరెంటు పట్టేసుకుంది' అని మనవాళ్లు అంటారే, అది ఇదే. కండరాలు బిగుసుకుపోయి చెయ్యి వదలదు. ఒళ్లు పొడిగా ఉంటే చర్మం కొంత అడ్డుకుంటుంది. తడిసిన చర్మం, కింద తడి మట్టి, చుట్టూ ఉప్పునీరు... ఇక అడ్డేముంది? డాల్జియెల్ 1961లో ఓ పరికరం తయారుచేశాడు. పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది క్షణక్షణం చూస్తుంది. ఏ కాస్త తేడా వచ్చినా, అంటే కొంత కరెంటు మరో దారిన, బహుశా ఓ మనిషి ఒంట్లోంచి, నేలలోకి పోతున్నా సరే, రెప్పపాటులో లైను తెంపేస్తుంది. మనం ప్రాణరక్షణకు వాడేవి ముప్పై మిల్లీ ఆంపియర్ల దగ్గర పడిపోతాయి. షాకు తగలదని కాదు. తగులుతుంది, కానీ చంపేలోపే వదిలేస్తుంది. అమెరికాలో ముందు ఈత కొలనులకూ తర్వాత స్నానాల గదులకూ దాన్ని తప్పనిసరి చేశారు. నీళ్లూ కరెంటూ కలిసే చోటు నుంచే మొదలుపెట్టారన్నమాట. మన చెరువుల కన్నా నీళ్లూ కరెంటూ కలిసే చోటు ఇంకెక్కడుంది?

మన విద్యుత్ భద్రత నిబంధనల్లోనూ లీకేజీ రక్షణ, ఎర్తింగ్ ఉండాలని ఉంది. కరెంటు పనివాళ్లకు తెలుసు. రైతులకూ చాలామందికి తెలుసు. ధర ఎంతంటారా? ఒకటి రెండు రొయ్యల మేత బస్తాల ఖరీదు. అదీ ఒక్కసారే.

మరి ఎందుకు పెట్టరు? పెట్టినవాళ్లు ఎందుకు పీకేస్తారు?

'ఊరికే పడిపోతోందండీ'

ఈ ప్రశ్నకు చెరువుల మీద దొరికే జవాబు ఇదే. వానొస్తే పడిపోతుంది. మంచు కురిస్తే పడిపోతుంది. అర్ధరాత్రి ఓ మోటారు లీకైతే మొత్తం లైను పడిపోతుంది. పది ఏరియేటర్లు ఆగుతాయి. రొయ్య తేలుతుంది. 'బ్రేకరు నా ప్రాణం కాపాడుతుందేమో గానీ నా పంట తీస్తోంది' అని రైతు దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేస్తాడు. కాపలా మనిషి కూడా పట్టించుకోడు. పంట పోతే మాట పడేది అతనే కదా.

విన్న మాటలాగే లేదూ? 'ప్రతిసారీ చెబుతారు బాబాయ్, ఊరికే. వస్తే చూద్దాంలే' అని వెనకటికి తుపాను హెచ్చరిక గురించి అనేవాళ్లు. రాని తుపానుకు లేచి వెళ్లడం దండగ. పడకూడని చోట పడిపోయే బ్రేకరూ దండగే. ఆ మాటను వితండవాదమని కొట్టిపారేసి ఊరుకుంటే 1977 దగ్గరే ఆగిపోయి ఉండేవాళ్లం. అప్పుడేం చేశాం? షెల్టరు దగ్గరగా తెచ్చాం. గొడ్డు సంగతి ఆలోచించాం. ఇక్కడా అదే వరస.

బ్రేకరు ఊరికే పడిపోదు. ఎక్కడో లీకు ఉంటేనే పడుతుంది. టేపు చుట్టిన జాయింటు నీటికి ఆనడం, మోటారు సీలు పోవడం, పాత కేబుల్ పగలడం... అది చెబుతున్నది ఆ సంగతే. నీళ్లలోకి పారుతున్న ఆ కరెంటు ఇవాళ కాకపోతే రేపు ఓ కాలిని వెతుక్కుంటుంది. అయితే మొత్తానికీ ఒక్క బ్రేకరు పెడితే ఏ ఒక్కటి లీకైనా అన్నీ ఆగుతాయి. ఒక్కో ఏరియేటరుకో, రెండేసికో విడివిడిగా పెడితే చెడ్డది ఒక్కటే ఆగుతుంది. మిగతావి తిరుగుతూనే ఉంటాయి, రొయ్య బతుకుతుంది. కరెంటు పోతే కూత వేసే చిన్న హారను ఒకటి బ్యాటరీ మీద గుడిసెలో ఉంటే కాపలా మనిషికి చప్పుడు ఆగడం కోసం చెవి ఒగ్గి పడుకునే బాధ తప్పుతుంది. చెడ్డదాన్ని బాగుచేయడానికి తెల్లవారేదాకా ఆగొచ్చు. మూడు గంటల రాత్రి వట్టి కాళ్లతో నీటిలో దిగే అవసరమే పోతుంది. అవసరం ఉన్నంతకాలం 'దిగొద్దు' అన్న బోర్డు ఎన్ని పెట్టినా దిగుతాడు.

స్టార్టర్ డబ్బాను గట్టు మీద కర్రకు వేలాడదీయకుండా నడుమెత్తున, పైన రేకుతో బిగించాలి. దాని ముందు ఎండు చెక్కపలక ఒకటి. రబ్బరు బూట్లు గుడిసె గుమ్మంలోనే, టార్చి పక్కనే. వెతుక్కోవాల్సిన చోట పెడితే ఎవరూ తొడుక్కోరు. ఇవేవీ గొప్ప సంగతులు కావు. షెల్టరుకు రోడ్డు వేయడం లాంటివే.

మరో కష్టం ఉంది. తుపానుకు కలెక్టరు నుంచి గ్రామ కార్యదర్శి దాకా ఎవరి పని ఏమిటో రాసి ఉంది. చెరువు మీద కాపలా మనిషి ప్రాణం ఎవరి పని? చెరువు ఒకరిది, కౌలు మరొకరిది, మేత ఇచ్చేది ఇంకొకరు, లైను కరెంటు సంస్థది. కూలీ వచ్చింది ఏ రాయగడ నుంచో. అతనికి తెలుగు రాదు, ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఎవరూ చెరువు కరెంటు గురించి చెప్పలేదు. బ్రేకరు లేని చెరువుకు కనెక్షన్ ఇవ్వం అని ఒక్కరు అంటే చాలు. ఆ ఒక్కరు ఎవరన్నదే తేలదు.

పడిపోయిన మనిషి దగ్గరికి పరుగెత్తి పట్టుకున్న రెండో మనిషీ పోవడం చెరువుల మీద కొత్తేమీ కాదు. ముందు లైను తెంపాలి. తర్వాతే ముట్టుకోవాలి. ఊపిరి ఆడకపోతే ఆ క్షణం నుంచే ఛాతీ మధ్య రెండు చేతులతో నొక్కాలి. నిమిషానికి నూటికి తగ్గకుండా, రెండంగుళాల లోతు దిగేలా, 108 వచ్చేదాకా ఆపకుండా. అడవులదీవి దాటి చెరువుల్లోకి అంబులెన్సు రావాలంటే గట్ల మీదుగానే రావాలి. ఆ కొన్ని నిమిషాలు పక్కనున్నవాడి చేతుల్లోనే ఉంటాయి. తుపాను షెల్టర్లలో ఏటా ఓ పూట కసరత్తు చేయిస్తుంటారు. అదే హాలులో, అదే జనానికి, అదే రోజు ఇదీ నేర్పడానికి అడ్డేమీ లేదు. మైకు ఉంది, బెంచీలు ఉన్నాయి, కాపలా మనుషులూ అక్కడికే వస్తారు.

లీకేజీ బ్రేకరు మీద చిన్న మీట ఒకటి ఉంటుంది. 'టి' అని అక్షరం రాసి ఉంటుంది. టెస్టు మీట. నెలకోసారి దాన్ని నొక్కి చూడమంటారు తయారుచేసినవాళ్లు. నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ డబ్బా చచ్చినట్టే లెక్క, మార్చాలి. పగటిపూట, ఎండ బాగా ఉన్నప్పుడు, ఏరియేటర్లు ఓ నిమిషం ఆగినా రొయ్యకు ఏమీ కాని వేళ చూసుకుని నొక్కాలి. అమావాస్య ముందో వెనకో అని గుర్తు పెట్టుకుంటే మరిచిపోరు. చెరువు మనుషులకు తిథులతో పని ఎలాగూ ఉంటుంది.